కింది వరస

మా చరిత్ర అయ్యవారు పోయారన్న కబురు సోమవారం పొద్దున పుత్తూరు బస్సు కండక్టరు చిత్తూరులో మా బడికి తెచ్చాడు. అక్కడ చెల్లెలి ఇంటికని వెళ్ళిన మనిషి తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ఆ బడిలోనే తెలుగు చెప్పేవాణ్ణి నేను.

ఆయనకొక అలవాటు. రోజూ ప్రార్థనకు ముందే వరండాలో నల్లబల్ల మీద రెండు వరసలు రాసేవారు. పై వరసలో ఆ రోజు తారీకున ఎప్పుడో లోకంలో జరిగిన పెద్ద సంగతి: ఒక రాజు పట్టాభిషేకమో, ఒక యుద్ధం ముగిసిన రోజో. కింది వరసలో అదే తారీకున మన ఊళ్ళలో జరిగింది. అది పిల్లలు తేవాలి. పక్కనున్న ఐరాలలో ఒకరి బావిలో నీళ్ళు పడ్డ దినం, ఒకరి అవ్వ తొలిసారి రైలెక్కిన దినం. మా ఇంట్లో ఏమీ జరగలేదు సార్ అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు.

"ఏమీ జరగని దినం యాడుంటాదిరా? మీ అవ్వనడిగినావా?" అనేవారు.

ఒకసారి జారిపడి కుడిచెయ్యి విరిగితే, పుత్తూరులో కట్టు కట్టించుకుని వచ్చి ఎడమచేత్తో వంకర అక్షరాలు రాశారు. పిల్లలు నవ్వితే ఆయనా నవ్వారు. ఇంత మొండి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజునే మా నాయన పోయాడు. వీధంతా తోరణాలు కట్టి పప్పుబెల్లాలు పంచుతున్నారు. అందరి సంతోషానికీ అడ్డుపడతామేమోనని మావాళ్ళు పాడెను సందులోంచి తీసుకుపోదామన్నారు. జెండా ఊరేగింపులో ముందు నడుస్తున్న అయ్యవారు మమ్మల్ని చూసి, ఇటు వచ్చి పాడెకు భుజం పట్టారు.

"సందులో ఎందుకప్పా? పెద్దవీధిలోనే పోదాం" అన్నారు. మేళం ఆగింది. జనం దారి ఇచ్చారు.

మరుసటి ఏడు ఆ తారీకు దగ్గరపడేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. మా అమ్మకు తారీకులతో పనిలేదు. "తిథి ఇంకా రాలేదు కదబ్బా, బడికి పో" అంది. ఊరికేమో పండగ, ఇంటికేమో మామూలు రోజు. మా నాయన పోయిన రోజుకు ఎక్కడా చోటు లేకుండా పోయింది. ఉతికిన చొక్కా వేసుకుని, ఏడుపు దిగమింగుకుంటూ బడికి వెళ్ళాను.

నల్లబల్ల మీద పైన, "మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన దినం." కింద, "మన తెలుగు అయ్యవారి నాయన కాలం చేసిన దినం."

"శుభమా అని పండగ చేసుకుంటుంటే ఇదేంది? తుడిచేయండి" అన్నారు హెడ్మాస్టరు మెల్లగా.

"రెండూ ఆ దినమే జరిగినాయి సార్. నేను తుడిచినా, ఆయప్ప మనసులోది తుడవలేను కదా" అన్నారు అయ్యవారు.

బల్ల అలాగే ఉంది. నేను అందరి ముందూ ఏడ్చాను. ఆ తర్వాత బడిలో పంచిన మిఠాయి తిన్నాను కూడా. ఆ మేలు బతికున్నంత కాలం మరవను.

మొన్న సోమవారం కండక్టరు వెళ్ళిపోయాక వరండాలోకి వస్తే బల్ల ఖాళీగా ఉంది. సుద్దముక్క తీసుకుని కింది వరసలో, "మన చరిత్ర అయ్యవారు పోయిన దినం" అని రాశాను. పై వరసకు ఏమీ తోచక లోపలికి పోయాను.

ప్రార్థన గంటకు వచ్చి చూస్తే నేను రాసింది తుడిచేసి ఉంది. పిల్లలు దాన్నే పై వరసకు ఎక్కించారు. దాని కింద వంకర అక్షరాలతో, "ఐరాలలో మా ఆవు ఈనింది" అని ఉంది.