ఎనిమిది నిమిషాలకోసారి మారే గొంతు

నిడదవోలులో మేం అద్దెకున్న ఇంటి కింద వాటాలో యజమానురాలు ఒక్కరే ఉండేవారు. డెబ్భై దాటిన మనిషి. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ చర్చిలో నలభై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నారు. వీధంతా ఆవిణ్ణి టీచరమ్మగారనే పిలిచేది. నేనూ టీచర్నే. కొవ్వూరులో లెక్కలు చెబుతాను, రోజూ రైల్లో వెళ్ళొస్తాను. అయినా మా వీధిలో టీచరమ్మగారంటే ఆవిడే.

ఆకాశాన్ని ఫొటోలు తియ్యాలన్న పిచ్చి నాకు నలభయ్యో ఏట పట్టింది. గ్రహణం రోజున ఎవరో స్కూలుకి టెలిస్కోపు తెస్తే, పిల్లల వరసలో చివర నిలబడి నేనూ చూశాను. ఇంటికొచ్చాక ఇంకేమీ తోచలేదు. ఏడాది తిరక్కుండానే, హైదరాబాదులో ఒకాయన వాడి అమ్మేసిన సామాను మా డాబా మీదికి చేరింది. చిన్న టెలిస్కోపు, పాత కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, దాని మీద మౌంట్.

ఆ మౌంటే ప్రాణం. భూమి తిరుగుతుంటుంది కాబట్టి చుక్కలు మెల్లగా పడమటికి జరుగుతుంటాయి. కెమెరాని రెండు నిమిషాలు తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీతైపోతుంది. ఆ జరుగుడుకి సరిపోయేలా టెలిస్కోపుని చిన్న మోటారుతో తిప్పే యంత్రమే మౌంట్. అది తిరిగే ఇరుసు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి ఉండాలి.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. మన వైపు ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు. చెయ్యి చాచి నేల అంచు మీద జానెడు పెడితే, ఆ జానెడు లోపలే. పక్కింటి కొబ్బరి మట్టల సందులోంచి కనిపించీ కనిపించనట్టు ఉండేవాడు. ఇరుసుని అంత కిందికి వంచితే, టెలిస్కోపుకి సరితూగేలా బరువు కట్టే కడ్డీ వెళ్ళి స్టాండు కాలికి కొట్టుకునేది. చివరికి స్టాండునే అటు తిప్పి ఇటు తిప్పి, రెండు కాళ్ళ మధ్య ఖాళీ కడ్డీకి ఎదురుగా వచ్చేలా పెట్టాను. కాళ్ళ కింద డాబా మీద సున్నంతో గుర్తులు గీశాను.

రెండోది మంచు. చలికాలం ఏడున్నర దాటితే చాలు, మా డాబా మీద ఆరేసిన బట్టలు కూడా మళ్ళీ తడిసేవి. టెలిస్కోపు అద్దానికి ఆవిరి పట్టేది. మావారు మందుల షాపులో పనిచేస్తారు. ఆయన ఓ యోగా చాప ముక్క కోసి, గొట్టంలా చుట్టి, అద్దం ముందు తొడిగారు. దాంతో గంటన్నర ఆగేది.

మూడోదే నన్ను ఏడిపించింది. అన్నీ సరిగ్గా పెట్టినా, తీసిన ఫొటోల్లో కొన్నిట్లో చుక్కలు బియ్యపు గింజల్లా సాగి ఉండేవి. కొన్ని మాత్రం చక్కగా గుండ్రంగా ఉండేవి. ఊరు జంక్షను కదా, రైళ్ళ అదురేమో అనుకున్నాను. రైలు కూత విన్నప్పుడల్లా కాగితం మీద టైము రాసుకున్నాను. కుదరలేదు. గాలేమో అని దుప్పట్లు కట్టాను. స్క్రూలన్నీ బిగించాను. కేబుళ్ళు మార్చాను. ఇంటర్నెట్లో అడిగితే పదిమంది పది చెప్పారు. సంక్రాంతి సెలవులు మొత్తం దీనికే పోయాయి. ఒకరోజు సామానంతా పెట్టెలో సర్దేసి, "అమ్మేద్దామండీ" అన్నాను మావారితో. ఆయన ఆ పెట్టెని డాబా మెట్ల పక్కనే ఉంచారు. మంచం కిందికి తొయ్యలేదు.

ఆ తరవాతి వారం మళ్ళీ మనసాగక డాబా మీద బిగించాను. అప్పుడే టీచరమ్మగారు ఎండబెట్టిన మిరపకాయల చాప తీసుకెళ్ళడానికి మోకాళ్ళు పట్టుకుని పైకొచ్చారు. కాసేపు ఆయాసం తీర్చుకుంటూ పిట్టగోడ మీద కూర్చున్నారు. నేను పలకరించి నా పనిలో పడ్డాను. ఆవిడ వెళ్తారనుకున్నాను, వెళ్ళలేదు. చాప చుట్టి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉన్నారు.

"ఏమ్మా, మీ మిషను మధ్యమధ్యలో మూలుగుతోందేంటి?" అన్నారు.

"మోటారు చప్పుడండి. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ అంతే కాదమ్మా. గొంతు మారుతోంది. ఇందాక ఒకసారి మారింది, మళ్ళీ ఇప్పుడు."

నేను మౌంట్‌కి చెవి దగ్గరగా పెట్టి విన్నాను. నాకు దోమల మోతకీ దానికీ పెద్ద తేడా తెలియలేదు. ఆవిడ లేచొచ్చి, "చెక్క స్కేలు ఉందా?" అని అడిగారు. తెచ్చిచ్చాను. స్కేలు ఒక కొస మౌంట్‌కి ఆనించి, రెండో కొస చెవి దగ్గర ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకున్నారు.

"ఆ గడియారం చూడు. నేను చెయ్యెత్తినప్పుడల్లా టైము రాసుకో."

ఆ చలిలో, భుజం మీద శాలువా జారిపోతున్నా సర్దుకోకుండా, ఆవిడ అరగంట పైగా అలా నిలబడ్డారు. కుర్చీ తెస్తానంటే వద్దన్నారు. నాలుగుసార్లు చెయ్యెత్తారు. కాగితం మీద రాసుకున్న టైములు ఒకదాన్లోంచి ఒకటి తీసేసి చూశాను. ప్రతిసారీ ఎనిమిది నిమిషాలే. ఒక్కచోట కూడా పది సెకన్ల తేడా లేదు.

గబగబా కిందికి దిగి కంప్యూటర్లో పాత ఫొటోలు తెరిచాను. ఒక్కొక్కటీ రెండు నిమిషాలది. గుండ్రం, గుండ్రం, గుండ్రం, సాగింది. మళ్ళీ మూడు గుండ్రం, ఒకటి సాగింది. నాలుగింటికొకటి. నాలుగు రెళ్ళు ఎనిమిది. పదిహేనేళ్ళుగా ఎక్కాలు చెబుతున్న దాన్ని, నెలరోజులు ఆ ఫొటోలు ముందు పెట్టుకుని కూడా ఇది చూడలేకపోయాను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆవిడ మీద ఒక రకమైన భక్తి కలిగింది.

మౌంట్ లోపల సన్న మరలున్న మరో చిన్న ఇరుసొకటి పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసు ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది నిమిషాలు. అంటే చుట్టులో ఒకేచోట ఏదో అడ్డం పడుతోందన్నమాట.

ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాక, వాళ్ళ భోజనాల బల్ల మీదే పేపర్లు పరిచి మౌంట్ విప్పాం. మావారు కూడా వచ్చారు. "చెవితో రిపేరేంటండీ!" అని నవ్వారు కానీ, ఊడిన స్క్రూలన్నీ మందుల డబ్బా మూతల్లో వరసగా పెట్టింది ఆయనే. లోపల గ్రీజు ముదురుపాకంలా గట్టిపడిపోయింది. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు పెట్టి మెల్లగా కడిగాను. ఇరుసు మరల మధ్య, గోటితో గీస్తే తగిలేంత సన్నటి లోహపు పొట్టు ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి టీచరమ్మగారి అరచేతిలో పెట్టాను.

"ఇదా!" అన్నారు, కళ్ళజోడు పైకెత్తి చూస్తూ.

"మీకెలా తెలిసిందండి?"

"నాకేం తెలుసమ్మా, చక్రాలూ అవీ. ముసురుపట్టిందంటే మా హార్మోనియంలో గాలికి పలికే ఇత్తడి రీడ్లు చిలుము పట్టేవి. బాగుచేసే ఆయన రాజమండ్రి నుంచి ఏడాదికోసారి వచ్చేవాడు. మిగతా రోజులు ఎవరు చూస్తారు? ఆయన పనిచేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. బ్లేడుతో రీడు గీకి శ్రుతి సరిచెయ్యాలి. మొదట్లో రెండు పాడుచేశాను. పాస్టరుగారు కోప్పడ్డారు కూడా. పాట వాయిస్తున్నప్పుడు ఎక్కడ గొంతు మారిందో వినకపోతే, ఏ రీడు విప్పాలో తెలీదు కదా."

కొత్త గ్రీజు రాసి బిగించేటప్పుడు అసలు పరీక్ష వచ్చింది. ఇరుసు చక్రానికి బాగా దగ్గరైతే మోటారు మొరాయిస్తుంది, దూరమైతే టెలిస్కోపు ఊగుతుంది. మధ్యలో ఉండే ఆ వెంట్రుకవాసి ఖాళీ కంటికి ఆనదు. మోటారు ఆన్ చేసి, స్క్రూలు తిప్పే అలెన్ కీ నేను పట్టుకున్నాను. ఆవిడ స్కేలు పట్టుకున్నారు.

"ఇంకాస్త వదులు. ఇంకాస్త. అయ్యో, ఎక్కువైంది. పర్లేదు, మళ్ళీ బిగించు. కంగారు పడకు. ఆఁ... అక్కడ ఆపు."

నేను రెండుసార్లు చెయ్యి జారి చెడగొట్టాను. ఆవిడ రెండుసార్లూ మొదటి నుంచి మొదలుపెట్టారు, గొంతులో విసుగన్నది లేకుండా. ఈవిడ దగ్గర చదువుకున్న పిల్లలు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను.

రెండు రోజులు మబ్బు. మూడోరోజు ఏడు గంటలకి తూర్పున మూడు చుక్కల వరస కొబ్బరిచెట్టు పైకొచ్చింది. దాని కింద మసగ్గా కనిపించే మచ్చ వైపు టెలిస్కోపు తిప్పాను. ఇరవై ఫొటోలు తీశాను. ఇరవైలోనూ చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. కెమెరా పట్టుకుని కిందికి పరుగెత్తాను. టీచరమ్మగారు చపాతీలు చేస్తున్నారు. పిండి చేతులు పైకెత్తి, నేను పట్టుకుంటే చూశారు.

"ఆ మధ్యన గులాబీరంగు మబ్బులా ఉందేంటమ్మా?"

"అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయండి."

"ఇన్నాళ్ళూ అక్కడే ఉందా అది, మన నెత్తి మీద?"

"ఉందండి."

చాలాసేపు చూసి, "అన్నీ గుండ్రంగానే వచ్చాయిలే" అన్నారు తృప్తిగా. మళ్ళీ పెనం వైపు తిరిగారు.

ఈ సంగతి నేను ఆకాశం పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపులో రాశాను. పాలకొల్లు నుంచి ఒక కాలేజీ లెక్చరరు ఫోను చేశారు. ఆయన మౌంట్‌దీ ఇదే జబ్బట. ఫోన్లో చప్పుడు వినిపిస్తానన్నారు. టీచరమ్మగారు ఒప్పుకోలేదు. "ఫోన్లో అన్నీ ఒకేలా వినపడతాయండి. తీసుకురండి, చూద్దాం" అన్నారు. ఆయన ఒక ఆదివారం దాన్ని గోనెసంచిలో చుట్టుకుని రైల్లో తెచ్చారు.

ఆవిడ స్కేలు ఆనించి మూడు చుట్లు విన్నారు. నేనూ, లెక్చరరుగారూ గడియారం చూస్తూ నిలబడ్డాం.

"దీనికేం లేదండి. శుభ్రంగా పాడుతోంది. విప్పకండి" అన్నారు.

ఆయన ముఖం చిన్నబోయింది. అంతదూరం మోసుకొచ్చారు మరి. "ఒక్కసారి విప్పి చూద్దామండీ" అని బతిమాలారు.

"లేని జబ్బుకి మందెందుకండీ? మీ స్టాండు కాళ్ళు చూసుకోండి ముందు."

కాఫీ తాగి, అయిష్టంగానే వెళ్ళారాయన. మర్నాడు సాయంత్రం ఫోను చేశారు. స్టాండు కాళ్ళలో ఒకదాని లోపలి బిగింపు పగిలి ఉందట, బరువు పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా జారుతోందట. టీచరమ్మగారికి చెప్పమని మరీమరీ చెప్పారు. కిందికి వెళ్ళి చెప్పాను. ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని ఆదివారానికి కొత్త పాట చూసుకుంటున్నారు.

"పోన్లే, పాపం, ఆ మిషను విప్పలేదు" అని, హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టారు.