మా బావ ఒత్తులూ, మా అత్తయ్య పులుసూ

ఇంటర్నెట్‌లో పోయిన పరువు వెనక్కి రాదని నాకు ముందే ఎవరైనా చెప్పొచ్చు కదా! చెప్పలేదు. వినండి మరి.

అనకాపల్లిలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఊరూపేరూ తెలియని జనాలు దేశదేశాల నుంచి కలిసి రాస్తారు. అందులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేటట్టు, దానికి తగిలించే చిన్న ప్రోగ్రాం ఒకటి, ప్లగిన్ అంటారు, రాసేను. అంటే, ముప్పావు నేను రాసేను. ఒత్తుల సంగతి మాత్రం మా ఆవిడ రూతు వాళ్ళ అన్నయ్య, యోహాను బావ రాసేడు. పాయకరావుపేటలో పెళ్ళికార్డులు డీటీపీ చేత్తాడు. ఆ ఒత్తులు తీసేస్తే ‘అమ్మ’ కాస్తా ‘అమమ’ అయిపోద్ది!

ప్లగిన్ పంపేను. ఆ సాఫ్ట్‌వేర్ నడిపే పెద్దాయన మెయిల్ పెట్టేడు: "చాలా బాగుంది. కానీ మీ అనుమతి లేకుండా ఎవరూ మార్చకూడదని రాసేరు. మా దాంట్లో కలపాలంటే లైసెన్సు మార్చాలి. కోడ్ రాసిన ఇద్దరూ శుక్రవారం లోపు ఒప్పుకోవాలి."

ఇంతేనా అనుకున్నాను. బావకి ఫోన్ చేసేను.

"లైసెన్సు మార్చడం ఏటి బావా? నా బండిది మొన్నే కదా రెన్యూ చేసేను?"

"ఆ లైసెన్సు కాదు బావా! ప్లగిన్‌ది. ‘ఐ అగ్రీ’ అని ఒక్క మెయిల్ కొట్టీ, చాలు."

"కొడతాను. ముందు నా పేరు పైన పెట్టు. నీ పేరేమో ఆథరూ, నాదేమో అడుగున థాంక్సా? నేనేమైనా హోటల్లో సప్లయర్నా?"

మూడు రోజులు బతిమాలేను. ఊహూఁ! శుక్రవారం వచ్చీసింది. నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. కరెంటు పోతుందేమోనని ఒకటే కంగారు. పెద్దాయన మెయిల్ తెరిచి, అందులో బావ అడ్రస్ కూడా ఉంది కదా అని, దానికే రిప్లై, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో, టకటకా కొట్టేను:

"బావా, మీ అమ్మ మొండితనం నీకు పూర్తిగా వచ్చీసింది. ఈ తెల్లోళ్ళకి మనిద్దరిలో ఎవడు పైనో, ఎవడు కిందో ఏం తెలుసు? మీ అమ్మ పెట్టిన చేపల పులుసు ఉప్పు కషాయంలా ఉన్నా, మొన్న కిక్కురుమనకుండా తిన్నాను. నాకోసం నువ్వు ఒక్క ముక్క కొట్టలేవా?"

సెండ్!

పంపిన తరవాత పైన చూసేను. రిప్లై టు ఆల్! ఆ ‘ఆల్’లో బావ ఉన్నాడు, పెద్దాయన ఉన్నాడు, వాళ్ళ మెయిలింగ్ లిస్టులో జనమంతా ఉన్నారు! పోనీ, వాళ్ళకి తెలుగు అర్థం కాదులే అనుకున్నాను.

కాలేదు. అదే కొంప ముంచింది! పెద్దాయన అది ప్లగిన్‌కి నమూనా అనుకున్నాడు. మొత్తం అందులో పెట్టి తెలుగులోకి మార్చేసి, లిస్టులో రాసేడు: "అద్భుతం! ఒక్క అక్షరం కూడా విరగలేదు! ఆ జంట అక్షరాలు రాసిన మనిషికి దండం పెట్టాలి!"

అది చదివి బావ ఐసైపోయేడు. వెంటనే ‘ఐ అగ్రీ’. ప్లగిన్ కలిసిపోయింది, దాంతోపాటు నా ఉత్తరం కూడా నమూనా ఫైలుగా!

తీసేయమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "వెర్షన్ బయటికి వెళ్ళిపోయింది. పైగా కొత్త లైసెన్సు ప్రకారం ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు," అన్నాడు పెద్దాయన, చల్లగా.

పంచిపెట్టేడు మా బావ! పెళ్ళికార్డు అట్ట మీద, బంగారు అంచుతో ప్రింటు తీసి, తిన్నగా వాళ్ళమ్మ చేతిలో పెట్టేడు.

ఆదివారం చర్చి నుంచి బావ వాళ్ళింటికే వెళ్ళేం. అత్తయ్య రాంబిల్లి నుంచి వచ్చిన చేపలు తెచ్చి నా ముందు పెట్టి, గరిటె చేతికిచ్చింది.

"ఎవరైనా మార్చుకోవచ్చంట కదా బాబూ. మార్చండి."

రూతు నవ్వు ఆపుకోలేక వంటింట్లోంచి పారిపోయింది. నేను పెట్టేను పులుసు. అందరూ కూర్చున్నారు. అత్తయ్య ఒక ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకుంది.

"బాగుంది బాబూ," అంది. "ఉప్పు ఎప్పుడు వేత్తారు?"