నొప్పి లేని చోటు

ఇన్సులిన్ కుండలో కాపురమున్న రోజులవి. ములకలపల్లిలో మా వాడ మొత్తంలో ఒక్క ఫ్రిజ్ లేదు. వంటింటి మూల ఒక కుండ, అందులో తడి ఇసుక, ఇసుకలో మెడదాకా పూడ్చిన మందు సీసా, పైన తడిగుడ్డ. (పక్కనే మంచినీళ్ల కుండ ఉండేది. చుట్టాలు దాహానికి చెంబు తీసుకుని ఇసుకలో ముంచడం కనీసం మూడుసార్లు జరిగింది.) గాజు సిరంజిని, సూదిని రోజూ పొద్దున్నే గిన్నెలో వేసి ఉడికించాలి. సూది మొద్దుబారితే పారేయడం అనే ఆలోచనే లేదు, నాయన దాన్ని సానరాయి మీద నూరుకునేవాడు. ఆ నూరే చప్పుడు వింటేనే నాకు పళ్లు జివ్వుమనేవి, పొడిపించుకునే మనిషికి ఎలా ఉండేదో మరి.

నాయన ఫారెస్టు చెక్‌పోస్టులో గార్డు. అడవిలోంచి వచ్చే కలప లారీని ఆపి, పర్మిట్ చూసి, గేటు ఎత్తడం ఆయన పని. లారీ డ్రైవర్లందరూ ఆయనకు భయపడేవాళ్లు. ఆయన మాత్రం సూదికి భయపడేవాడు. షుగరు వచ్చిన కొత్తలో కాంపౌండరు ఇంటికొచ్చి సూది వేస్తుంటే ఆయన అరిచే అరుపులకు కోళ్లు కంచె దాటేవి. ఆ బాధ చూడలేక అమ్మ తనే సూది వేయడం నేర్చుకుంది. నాలుగైదు రోజులు అక్కడా ఇక్కడా పొడిచి చూసి, చివరికి బొడ్డుకు ఎడమ పక్క రెండు వేళ్ల దూరంలో ఒక చోటు కనిపెట్టింది. అక్కడ వేస్తే ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఇంక నాలుగేళ్లపాటు రోజూ అదే చోటు. "మా ఆమె చెయ్యి చానా మంచిది," అని నాయన చర్చిలో అందరికీ చెప్పేవాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడేది. చదువు రాని మా అమ్మకు ఊళ్లో దొరికిన బిరుదు అదొక్కటే.

అలాంటి ఇంటికి నేను సెలవులకు దిగాను. వయసు పంతొమ్మిది. ఖమ్మంలో నర్సింగు రెండో ఏడు. పెట్టెలో తెల్లటోపీ తెచ్చుకున్నాను. (ఇంట్లో టోపీతో ఏం పని అని మీరు అడగొచ్చు. అమ్మ కూడా అడిగింది.) దిగిన రోజే నాయన మూత్రాన్ని నీలం మందులో కాచి చూస్తే ఇటుక రంగు వచ్చింది. అంటే షుగరు నిండా ఉన్నట్టు. డాక్టరు డోసు ముప్పై నుంచి నలభైకి, నలభై నుంచి యాభైకి పెంచుతూ పోయినా రంగు మారడం లేదట. చొక్కా ఎత్తించి చూశాను. అమ్మ కనిపెట్టిన చోట ఉసిరికాయంత గడ్డ, గట్టిగా, రాయిలా ఉంది. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. పుస్తకంలో చదివింది పుస్తకంలో ఉన్నట్టే కళ్ల ముందు కనబడితే ఆ వయసులో అలాగే ఉంటుంది, ఆ పొట్ట కన్నతండ్రిది అన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది.

"నాయనా, ఈ గడ్డ నీ చెక్‌పోస్టు లెక్క," అన్నాను. "మందును ఆడనే ఆపేస్తుంది, లోపలికి పోనిస్తలేదు. సూది రోజుకో చోట వెయ్యాలె."

"పర్మిట్ లేదేమో బిడ్డా," అని నాయన నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. "ఆడ అయితే ఆయనకు నొప్పి ఉండదు," అంది చిన్నగా.

"నొప్పి ఎట్లుంటదమ్మా, ఆడ చర్మం చచ్చిపోయింది. నాలుగేండ్ల సంది మందును నేలపాలు చేసినవ్!" అన్నాను. ఈ మాట టోపీ పెట్టుకుని అన్నానో, పెట్టుకోకుండా అన్నానో గుర్తులేదు. అన్నాను, అది మాత్రం గుర్తుంది.

మర్నాడు ఆదివారం. అందులోనూ నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదాకా మా సంఘంలో పెద్దవాళ్లు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. నాయన సంఘ పెద్ద. ఆ ద్రాక్షరసం కాచేది అమ్మే, ఎండు ద్రాక్ష ఉడికించి, రసం పిండి, చక్కెర దండిగా పోసి. పొద్దున్నే నేను సిరంజిలోకి యాభై ఎక్కించి నాయన తొడ మీద దూది రుద్దుతుంటే అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల వద్దు బిడ్డా. బల్ల అయ్యేదాక ఆయన ఏం ముట్టడు. రేపటి సంది మార్చు."

"నాలుగేండ్ల సంది ముట్టకనే పోతుండు గద, ఏమయింది? రోగానికి ఆదివారమేంది, సోమవారమేంది?"

అమ్మ చెయ్యి తీసేసింది. నేను పొడిచాను. నాయన కేక పెట్టాడు. కోళ్లు నాలుగేళ్ల తర్వాత మళ్లీ కంచె దాటాయి. తాజా చోట వేసినప్పుడు డోసు తగ్గించాలని గానీ, ఇన్నాళ్లూ ఏమీ కాకపోవడానికి కారణమే ఆ గడ్డ అని గానీ నా తెల్లటోపీ బుర్రకు తట్టలేదు.

రేకుల చర్చిలో ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద, మగవాళ్లు ఒక పక్క. మధిర వైపు నుంచి వచ్చిన పాస్టరయ్యగారు ప్రసంగం ముగించి ప్రార్థనకు కళ్లు మూసుకున్నారు. అప్పుడు నాయన లేచాడు. నేరుగా వెళ్లి, తెల్లగుడ్డ కప్పిన బల్లను వేలి కణుపుతో టకటకా కొట్టాడు. గుడ్డ ఎత్తి కింద చూశాడు.

"ఇది టేకేనా? యాడికెళ్లి తెచ్చిన్రు?"

అయ్యగారు ఒక కన్ను తెరిచారు. "పెద్దయ్యా, ప్రార్థన జరుగుతుందండీ."

"ప్రార్థన తర్వాత. పర్మిట్ సూపియ్యున్రి. పర్మిట్ లేకుంటే బల్ల కదలదు!"

పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత పెద్దలూ నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. (ఆ బల్లకు నిజంగా పర్మిట్ ఉందా అనేది ఈనాటికీ తెలియదు. అయ్యగారి మొహం మాత్రం పాలిపోయింది.) అంతలో వెనక నుంచి ఎవరో "పొద్దుగాల్నే తాగి వచ్చిండా ఏంది?" అన్నారు. నవ్వు ఆగిపోయింది. జీవితంలో చుక్క ముట్టని మనిషి నాయన. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. షుగరు ఒక్కసారిగా పడిపోతే మనిషి ఎలా అవుతాడో, ఏం చెయ్యాలో పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. కాళ్లు చాపకు అతుక్కుపోయినట్టు కూర్చుండిపోయాను.

లేచింది అమ్మ. ఆడవాళ్ల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్లింది. నాయన మోకాళ్లు మడతపడుతుండగా నడుము పట్టుకుని కూర్చోబెట్టింది. బల్ల మీద ఉన్న ద్రాక్షరసం కూజా తీసి నోటికి పెట్టింది. "తాగు. మింగు. ఇంకొంచెం మింగు." అయ్యగారు చెయ్యి ముందుకు చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. సంఘం మొత్తానికి రావలసిన రసం ఒక్క మనిషి గొంతులోకి పోయింది. కాసేపటికి నాయన కళ్లలోకి చూపు వచ్చింది. చుట్టూ చూసి, "పర్మిట్ దొరికిందా?" అన్నాడు. అయ్యగారు ఖాళీ కూజా వైపు చూసి, "ఈ వారం బల్ల పెద్దయ్యగారొక్కరికేనండీ, మిగతా అందరికీ వచ్చే ఆదివారం," అని ప్రకటించారు.

సోమవారం పొద్దున డోసు సగానికి తగ్గించి సిరంజి అమ్మకు అందించాను. "నువ్వే వెయ్యమ్మా. చోటు నేను చూపిస్త."

అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "వద్దు బిడ్డా. నొప్పి లేకుండ జేస్తున్న అనుకున్న. మందే లేకుండ జేసిన, నాలుగేండ్లు. నిన్న ఆయన పడిపోయింది కూడ నా మూలాన్నే."

కాదు అని చెప్పాల్సింది. నిన్నటి తప్పు నాది, నువ్వు వద్దంటున్నా వినలేదు, నువ్వే బతికించావు అని చెప్పాల్సింది. గొంతుదాకా వచ్చింది కూడా. చెబితే నా చదువు పరువు ఏమైపోతుందోనని మింగేశాను. అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ సిరంజి ముట్టలేదు. నాయన తనే వేసుకోవడం నేర్చుకుని, రోజుకో చోట, రోజుకో కేకతో చాలా ఏళ్లు బతికాడు. ఆయన సూది తీసినప్పుడల్లా అమ్మ పెరట్లోకి వెళ్లి కోళ్లకు నూకలు చల్లుతూ అటు తిరిగి నిలబడేది. ఆ చెయ్యి మంచిదని ఇంకెవరూ అనలేదు. ముందు నాయన పోయాడు, తర్వాత అమ్మ పోయింది. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

నాయన నాకు ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ షుగరు ఇచ్చాడు. ఇప్పుడు నా నడుముకు ఇన్సులిన్ ఎక్కించే చిన్న పంపు, దానికి సన్నని గొట్టం, పొట్ట మీద అంటించుకునే బిళ్ల. ఆ బిళ్లను మూడు రోజులకోసారి మార్చేదాన్ని. ఈమధ్య వారం రోజులు నిలిచేది వచ్చిందంటే తెచ్చుకుందామని ఆస్పత్రికి వెళ్లాను. అక్కడి నర్సు పిల్ల నా పొట్ట తడిమి ఆగిపోయింది.

"ఏంది మేడం, ఇంత గడ్డ! ఎప్పుడూ ఒక్కకాడనే పెడుతున్నరా? నర్సు ఉద్యోగం చేసి మీరే గిట్ల జేస్తే ఎట్ల?"

"ఆడ నొప్పి ఉండదు బిడ్డా," అన్నాను.

"కొత్తకాడ పెడతున్న. మందు ఎక్కువ పనిచేస్తది, జర తగ్గిద్దాం. పొద్దుగాల తిన్నరా?"

పెట్టక ముందే అడిగింది. తిన్నానని చెప్పాను, కళ్లు తుడుచుకున్నాను. నొప్పి పుట్టిందనుకుని పాపం ఆ పిల్ల సారీ చెప్పింది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే బొడ్డుకు ఎడమ పక్క, రెండు వేళ్ల దూరంలో, అదే గడ్డ. ఎవరూ చూపించకుండానే వెతుక్కుంటూ అక్కడికే వెళ్లాను. తెల్లటోపీ పెట్టుకున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఈ ముసలిదాన్ని చూస్తే చీల్చి చెండాడేది కదా అని నవ్వొచ్చింది. తర్వాత ఆ గడ్డ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.