దానియేలు బహుమతి

ఫిడేలు కమానుకు రోజిన్ బిళ్ల రుద్దుతుంటే లేచే ఘాటు వాసన తగలగానే ఈరోజుకీ నా వేళ్లు చల్లబడతాయి. బందరులో మా ఫిడేలు టీచరు సుగుణమ్మ గారి ముందుగదిలో ఎప్పుడూ అదే వాసన. ఆదివారాలు చర్చిలో వాయించేవారు, మిగతా రోజులు మాలాంటి పిల్లలకు నేర్పేవారు. ఆవిడంటే నాకు హడల్. అపస్వరం పలికితే తిట్టేవారు కాదు, కళ్లు మూసుకునేవారు. అది ఇంకా భయంగా ఉండేది.

ఏటా ఆవిడ వాయిద్యాలకు మాత్రమే ఒక పోటీ పెట్టేవారు, చనిపోయిన తన తమ్ముడు దానియేలు పేరు మీద. అతని రోజుల్లో బహుమతులన్నీ పాడేవాళ్లకే. మొదటిసారి ఫిడేలుకు కూడా పతకం ఇస్తామన్నారని, అందుకోవడానికి దానియేలు తుఫాను వస్తోందన్నా వినకుండా దివిసీమలో ఒక ఊళ్లో ఆగిపోయాడు. మర్నాడు సభ. తెల్లారేలోగా ఉప్పెన వచ్చింది. మనిషీ దొరకలేదు, ఫిడేలూ దొరకలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆవిడే ఈ బహుమతి మొదలుపెట్టారు.

నేను పాల్గొన్న ఏడాది పోటీ అవనిగడ్డలో జరిగింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. నా వంతు రాకముందే ఆవిడ లేచి, "ఆపేయండి. పిల్లల్ని బస్సెక్కించండి" అన్నారు.

"ఇంకా ఇద్దరే కదండీ, అరగంటలో అయిపోద్ది" అన్నాడు హాలు చూసుకునే ఆయన.

"మా తమ్ముడూ ఒక్క పూటే కదా అన్నాడండీ."

బస్సు పులిగడ్డ వంతెన ఎక్కేసరికి వాన అడ్డంగా కొడుతోంది. కింద కృష్ణ కనబడలేదు, హోరు మాత్రం వినబడింది. బస్సు పక్కకి ఊగింది. పిల్లలం ఏడుపు అందుకున్నాం. ఏం కాదని టీచరు గారు చెబుతారనుకున్నాను. ఆవిడేమో నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్లు దిగేంత గట్టిగా. నేను భయపడే మనిషే అలా భయపడుతుంటే, ఇక లోకంలో పట్టుకోవడానికి ఏమీ లేదనిపించింది.

"టీచరు గారూ, వంతెన కూలిపోద్దా అండీ?"

"తెలీదమ్మా. నా చెయ్యి మాత్రం వదలకు."

దాటాం. తుఫాను వేరే వైపు మళ్లింది. మర్నాడు చక్కగా ఎండ కాసింది, ఊరంతా ఆవిడ భయాన్ని చూసి నవ్వింది. మా నాన్న ఆవిడ ఇంటికి వెళ్లి, "మా అమ్మాయి ఏడాదంతా సాధన చేసిందండీ. ఉత్త గాలికి భయపడి ఆపేశారు" అన్నారు.

"అవునండీ, భయపడ్డాను. వచ్చే ఏడూ భయపడతాను" అన్నారావిడ. ఆ ఏడు బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

ఆవిడ పోయాక పోటీ నా చేతికి వచ్చింది. ఇప్పుడు సముద్రానికి దూరంగా, గుడివాడలో పెడుతున్నాం. పెడన నుంచీ, దివిసీమలోని నాగాయలంక నుంచీ పిల్లలు వస్తారు. ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యమని ప్రతి తల్లికీ చెబుతాను. ఈ ఏడు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. అయినా నాగాయలంక పిల్ల ఫోన్ ఒక్కటీ రాక, పెట్టుకున్న కంచం ముందు అలాగే కూర్చున్నాను. ఉండబట్టలేక నేనే చేశాను.

"ఎప్పుడో వచ్చేసిందండీ, ఆడుకుంటోంది. చెప్పడం మర్చిపోయాం. ఏమైందండీ?" అంది వాళ్లమ్మ.

"ఏం లేదమ్మా" అన్నాను. అప్పటికి గానీ నాకు ముద్ద దిగలేదు.