ఆర్మిండా అత్త వాయించిన మూడో ముక్క

‘మేక దాటిన వాగు’ బాణీ ఎంత పాతదని అడిగితే మా కెంటకీ కొండల్లో ఒక్కొక్కరు ఒక్కో శతాబ్దం చెబుతారు. స్కాట్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిందని కొందరు, అంతర్యుద్ధంలో సిపాయిలు తెచ్చారని ఇంకొందరు. అంతా ఒట్టిదే. ఆ బాణీ కట్టిన మనిషి స్లేట్ వాగు ఒడ్డున నిక్షేపంగా ఉంది. బొగ్గు గని కార్మికుల భోజనశాలలో ఇరవై ఏళ్లు చిక్కుడుగింజలు ఉడకేసింది. పేరు ఆర్మిండా స్టిడమ్. ఊరందరికీ ఆర్మిండా అత్త.

1937లో, ఆమెకు ఇరవై రెండేళ్లప్పుడు, విశ్వవిద్యాలయం నుంచి ఒకాయన రికార్డు చేసే యంత్రాన్ని కారులో వేసుకొచ్చాడు. బాణీలో మూడు ముక్కలున్నాయి. అత్త ఫిడేలు మీద రెండు వాయించి మూడోదానిలోకి కమాను దించబోతుండగా రికార్డు పళ్లెం నిండిపోయింది. మరో పళ్లెం లేదు. ఆయన టోపీ తీసి సెలవు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రికార్డు విని నేర్చుకున్నవాళ్లు బాణీని పది రాష్ట్రాలకు మోశారు. పళ్లెం తెగిన చోటే కమాను గాల్లోకెత్తి ఠక్కున ఆపేవారు. అదే ప్రాచీన పద్ధతన్నారు. ఆ తెగిన చోట కొండజాతి విషాదం వినబడుతోందని వ్యాసాలు కూడా రాశారు!

అత్త ఎందుకు నోరు విప్పలేదంటే, ఆ మరుసటేడే ఆమెకు పాదిరితో పెళ్లయింది. ఫిడేలు దయ్యం పెట్టె అని ఆయన నమ్మకం. బతికున్నన్నాళ్లూ ఇంట్లో మోగనివ్వలేదు. 1974 జనవరిలో ఆయన పోయాడు. అప్పటికే అత్త వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నాయి. ఈ ఏడాది నలుగురి చెవినా వేయకపోతే మూడో ముక్క ఆమెతోనే పోతుంది. ఆగస్టులో జరిగే కౌంటీ ఫిడేలు పోటీకి పేరిచ్చేసింది.

బాంజో వాయించే మరిది డెల్మర్ బతిమాలాడు.

“వదినా, అందరూ ఆగే చోట నువ్వూ ఆగు. బహుమతి నీదే.”

“నేనక్కడ ఆగలేదు డెల్మర్. ఆయన పళ్లెం ఆగింది.”

పోటీలో న్యాయనిర్ణేతలు వేదిక మీద బొంత అడ్డం కట్టుకుని దాని వెనక కూర్చుంటారు. వాయించేదెవరో వాళ్లకు తెలియకూడదు. అత్త లావు తీగలు రెండింటినీ ఒక్కో మెట్టు పైకి బిగించి మొదలెట్టింది. మొదటి ముక్కకే బల్లల కింద కాళ్లు ఆడాయి. రెండోదానికి జనం లేచి నిలబడ్డారు. ఆ తెగే చోటు వచ్చింది. అలవాటుగా కాళ్లన్నీ ఆగాయి.

కమాను ఆగలేదు! లావు తీగల మీదకి దూకింది. మేక వాగులో కాలుజారి, మునిగి, కొమ్ములెత్తి ఈదుతున్నట్టే ఉంది. నా చేతుల మీద రోమాలు లేచాయి.

బొంత వెనక నుంచి మైకులో గొంతు: “ఏడో నంబరు, బాణీ అక్కడితో అయిపోయింది.”

అత్త కమాను ఆపకుండానే అంది: “ముప్పై ఏడేళ్లు ఆగాను నాయనా. నువ్వొక్క నిమిషం ఆగు.”

మైదానమంతా గొల్లున నవ్వింది. పక్కన డెల్మర్ బాంజో తీగలు తెగిపోయేలా మీటాడు.

మార్కులు కోసేశారు. బహుమతి ఇంకెవరికో పోయింది. అత్త ట్రక్కు దగ్గర ఫిడేలు సర్దుకుంటుంటే చుట్టూ పదకొండు మంది ఫిడేళ్లతో మూగారు. అందరికన్నా ముందున్నది కార్లైల్ ప్రూయిట్, మైకులో మాట్లాడిన న్యాయనిర్ణేత.

“అత్తా, ఆ మూడోది ఇంకొక్కసారి…”

“ముందు ఆ లావు తీగలు బిగించు. మామూలు శ్రుతిలో అది పలకదు.”

బిరడాలు కిర్రుమన్నాయి. అత్త నెమ్మదిగా వాయించింది, మళ్లీ వాయించింది. మూడోసారికి పన్నెండు కమానులు కదిలాయి. పొద్దు కొండ దిగేసరికి ట్రక్కుల మధ్య ఎక్కడ చూసినా అదే బాణీ, సగం తప్పులతో. టెనెసీ నుంచి వచ్చిన ఒకడు చివర్లో తన సొంత మెలిక ఒకటి తగిలించాడు. డెల్మర్ వాణ్ణి దిద్దబోతే అత్త చేత్తో వారించి, వాడు ఎటు తీసుకుపోతాడోనని చెవి ఒగ్గింది.