కుడితి గోలెంలో మిగిలిన నీళ్లు

ఇరవై ఏళ్లకు పైగా ఒక బర్రె చావును మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే చెప్పగలుగుతున్నాను. రోజూ డైరీ రాసే నేను ఈ ఒక్కటి ఎందులోనూ రాయలేదు.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల రైతులకు వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం నేర్పే ఉద్యోగం నాది. యూరియా నీళ్లు గడ్డిమీద చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే వట్టి గడ్డి మంచి మేత అవుతుంది. పద్ధతిలో తప్పు లేదు. తప్పు నాది.

నాగిరెడ్డిపేట దగ్గరి ఊళ్లో సాయవ్వ వాకిట్లో చేసి చూపించాను. నీళ్లు కలిపే డ్రమ్ము బస్సులో మోయడానికి బద్ధకించి, ఆమె బర్రె కుడితి తాగే గోలెంలోనే కలిపాను. కొంత మిగిలింది.

"పారబోయనా సారూ?"

"ఉండనీ సాయవ్వా. రేపొచ్చి ఇంకో కుప్పకు చల్లుత."

"నా బర్రె మీ లెక్క సదువుకున్నదా? గోలెం అగుపడితే మూతి పెడ్తది," అని నవ్వింది.

నేనూ నవ్వాను. బస్సుకు వేళయింది.

మర్నాడు వెళ్లేసరికి బర్రె కడుపు ఉబ్బి, నోట నురగతో చచ్చి పడి ఉంది. గోలెం ఖాళీ. యూరియా నీళ్లు తాగితే పశువుకు విషమే; చూడగానే నాకు తెలిసిపోయింది. నేను నోరు తెరిచేలోపే సాయవ్వ తలబాదుకుంటూ అంది: "పొద్దుగాల కుప్పలకెల్లి పిడికెడు గడ్డి ఏసిన సారూ, తింటదో లేదో జూద్దామని. నా చేతులార సంపుకున్న."

పిడికెడు గడ్డికి బర్రె చావదు. ఆ సంగతి అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరంతా నా మొహం చూస్తోంది. "మాగకముందే వేస్తే అట్లనే అయితది," అన్నాను. భయపడి అన్నానా? భయం ఆ ఒక్క రోజుదే కదా, మరి తర్వాత ఇన్నేళ్లు నోరు ఎందుకు మూసుకున్నాను? ఆమె మొగుడు అందరి ముందూ ఆమెను కొట్టాడు. నేను ఆపలేదు.

చాలా ఏళ్ల తర్వాత కామారెడ్డి బస్సులో నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుంది. పాడి ఉందా అని అడిగాను.

"కోడలు జూస్తది సారూ. నేను కొట్టంల అడుగు వెట్ట. నా చెయ్యి మంచిది గాదు."

బస్సు తాడ్వాయి దాటింది. చెప్పడానికి కావలసినంత దారి ఉంది. కిటికీలోంచి పొలాలు చూశాను.

పోయిన చలికాలంలో ఆమె చనిపోయిందని విన్నాను. క్షమించమని అడగడానికి ఇక ఎవరూ లేరు. బతికుండగా అడిగేవాణ్ణా? అదీ నమ్మకం లేదు.

గోలెం నింపింది నేను. సాయవ్వ చెయ్యి మంచిదే. ఈ మాట రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడినందుకూ సిగ్గుగానే ఉంది.