ఆకుపచ్చ తలుపు, పసుపు గడప

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి అంట్లు తోముకునే రకం నేను. చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అందుకే ఆ గడప సంగతి గుర్తొస్తే నాకు భయం కన్నా చిరాకే ఎక్కువ.

డెబ్భైల చివర్లో విశాఖ పాతూరులో, పోర్టుకు దగ్గరగా ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన పోర్టులో పనిచేసేవారు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. మాది సింహాచలం దిగువన వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఈ పెళ్లి ఇష్టం లేక మా నాన్న నన్ను గుమ్మం తొక్కొద్దన్నాడు. నేను బాప్తిస్మం తీసుకుని మా అత్త దగ్గరే ఉండిపోయాను. ఆవిడ కూడా పొమ్మంటే నాకు వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు.

ఆ ఇంటి వీధితలుపుతో నా ప్రాణం విసిగిపోయేది. పోర్టులో ఇనుప ఖనిజం కదిలిస్తే చాలు, ఆ ఎర్రదుమ్మంతా వచ్చి మా తలుపు మీద కూర్చునేది. పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, లేదంటే చారలు కట్టేస్తుంది. ఉప్పుగాలికి మడతబందులు తుప్పుపట్టి కిర్రుమనేవి, వాటికి నూనె వెయ్యాలి. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పడేదే కాదు. ఎంత తోమినా సాయంత్రానికి మళ్లీ మొదటికే. చూడలేక మా ఆయన తలుపుకీ గడపకీ కలిపి ఆకుపచ్చ రంగు వేశారు.

ఒక శుక్రవారం పొద్దున తలుపు తీస్తే గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. వెనకాలే మా అత్త వచ్చి చూసింది.

"ఏటే ఇది? పాత బుద్ధులు పోనేదేటి నీకు?"

"నాను కాదత్తా!"

నమ్మలేదు. సబ్బు, కొబ్బరిపీచు పెట్టి తోమితే పసుపుతో పాటు కొత్త రంగు కూడా లేచిపోయింది. పై శుక్రవారం మళ్లీ అదే. ఆ పై వారమూ అంతే. ఆవిడ నా చేతులు లాక్కుని గోళ్లు చూసేది. కూరలో పసుపు వేసేదాన్ని నేనే, గోళ్లు పచ్చగా ఉండక ఇంకెలా ఉంటాయి? గడప తొక్కకుండా దాటడం నాకు పుట్టింట్లో అబ్బిన అలవాటు. మా అత్త మాత్రం కావాలని దాని మీదే కాలు వేసి నా మొహంలోకి చూసేది.

నేను మాత్రం ఊరుకున్నానా? తెల్లారకుండానే లేచి చూశాను. పసుపు ఇంకా తడిగా ఉంది. బయట మెట్టు మీద ఎర్రదుమ్ము చెదరలేదు, అడుగు లేదు, చుక్క నీళ్లు లేవు. మా ఇంట్లో కుంకుమే ఉండదు. అద్దెకిచ్చిన ఇంటి యజమానిని అడిగితే, ముందు అద్దెకున్నది ఒంటరి గుమాస్తా, ఆ ఇంట్లో ఆడమనిషే ఉండేది కాదన్నాడు.

అప్పటికి నాకు నెలలు నిండాయి. మా అత్త నా ముందే కొడుకుతో అంది: "కానుపయ్యాక బిడ్డని తెచ్చుకుందాం. ఈ గుంటని మాత్తరం గుమ్మం ఎక్కనియ్యను." ఆయన తలొంచుకున్నారు. ఆ మనిషి మౌనానికి నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తర్వాత వచ్చిన శుక్రవారం మా అత్త క్యారేజీ పట్టుకుని వచ్చింది. మంచం పక్కన కూర్చుని, ఎప్పట్లాగే నా చేతులు తీసుకుని చూసింది. వంట లేక నా గోళ్లు తెల్లగా ఉన్నాయి. ఆవిడవి పచ్చగా ఉన్నాయి.

"ఇయాల మళ్లీ గడప తోమినాను," అంది మెల్లగా. "రాత్రి తలుపు గెడ నానే ఏసినాను, పొద్దున నానే తీసినాను. మెట్టు మీద దుమ్ము అలాగే ఉంది." నా చేతులు వదిలేసింది. "నువ్వు కాదే."

ఇంటికి వచ్చిన రోజు బిడ్డ ఆవిడ చేతుల్లోనే ఉంది. గుమ్మం దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, గడప తొక్కకుండా అవతలికి అడుగు వేసింది. వెనక్కి తిరిగి "రాయే," అంది.

ఆ తర్వాత ఆ గడప మళ్లీ పచ్చబడలేదు. ఎవరు రాశారో, ఎందుకు మానేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పోనీ, అది తెలియకపోయినా ఫరవాలేదు. నా మాట నమ్మడానికి మా అత్తకి నేను లేని ఇల్లు కావాల్సి వచ్చింది. అదే నాకు ఇప్పటికీ మండుతుంది.